నెట్ ఉంది... కానీ ఆ ఒక్క సైటే రాదు!

ఇన్‌స్టాలో రీల్స్ ఆగకుండా తిరుగుతుంటాయి. యూట్యూబ్ ఎక్కడా బఫర్ అవ్వదు. వాట్సాప్‌లో టిక్కులు పడుతూనే ఉంటాయి. కానీ మీకు అర్జెంటుగా కావాల్సిన ఆ ఒక్క సైట్ మాత్రం తెల్ల స్క్రీన్ చూపించి గుండ్రంగా తిరుగుతూనే ఉంటుంది. విసుగొచ్చి వైఫై తీసేసి మొబైల్ డేటా ఆన్ చేస్తే టక్కున ఓపెన్! మళ్లీ వైఫైకి వస్తే మళ్లీ అదే కథ.

ఇలాంటప్పుడు అందరం చేసే పని ఒకటే. ఇంట్లో రూటర్ స్విచ్ తీసి, పది అంకెలు లెక్కపెట్టి, మళ్లీ వేస్తాం. ఆ చిన్న పెట్టె తప్పు ఏమీ లేకపోయినా తిట్లన్నీ పాపం దానికే.

నా ఉద్యోగం ఆ పెట్టెకి అవతలి వైపు. రెండు మూడు జిల్లాల్లో ఇళ్లకి ఫైబర్ ఇచ్చే ఒక చిన్న బ్రాడ్‌బ్యాండ్ కంపెనీలో నెట్‌వర్క్ ఇంజినీర్‌ని. మా పెద్ద రూటర్లు హైదరాబాద్‌లో ఒక డేటా సెంటర్‌లో ఉంటాయి. మే నెలలో కూడా స్వెటర్ వేసుకోవాల్సినంత చల్లటి గది అది. ఆ రూటర్లు పక్క కంపెనీల రూటర్లతో సరిగ్గా మాట్లాడుకుంటున్నాయో లేదో చూసుకోవడమే నా పని. అవి మాట్లాడుకునే భాష పేరు బీజీపీ, అంటే బోర్డర్ గేట్‌వే ప్రోటోకాల్. ఈ పేరు మీరు వినుండకపోవచ్చు. అది దెబ్బతిన్న ఒక రాత్రి మాత్రం మీలో చాలామందికి గుర్తుండే ఉంటుంది.

2021 అక్టోబర్ 4, సోమవారం. మన టైమ్ ప్రకారం రాత్రి తొమ్మిది దాటింది. ఫేస్‌బుక్, ఇన్‌స్టాగ్రామ్, వాట్సాప్ మూడూ ఒకేసారి మాయమయ్యాయి. పంపిన మెసేజ్ పక్కన గడియారం గుర్తు అలాగే నిలబడిపోయింది. ఆ రాత్రి మా కస్టమర్ కేర్ ఫోన్ కింద పెట్టే వీల్లేకుండా మోగింది. "మీ నెట్ పోయింది" అని ఒకటే గొడవ. మా నెట్ బానే ఉంది. ఫేస్‌బుక్ దగ్గరికి వెళ్లే దారే చెరిగిపోయింది.

జరిగిందేంటో తర్వాత ఆ కంపెనీ ఇంజినీర్లే రాశారు. మామూలు మెయింటెనెన్స్‌లో భాగంగా తమ డేటా సెంటర్లను కలిపే లైన్ల కెపాసిటీ ఎంతుందో చూద్దామని ఒక కమాండ్ ఇచ్చారు. అది ఆ లైన్లన్నింటినీ పడగొట్టేసింది. అలాంటి కమాండ్‌ని మధ్యలోనే ఆపాల్సిన టూల్‌లో ఒక బగ్ ఉంది, అందుకే ఆపలేదు. సైట్ పేరు చెప్తే అడ్రస్ చెప్పే డీఎన్‌ఎస్ సర్వర్లకి డేటా సెంటర్లు అందలేదు. 'నా ఆరోగ్యం బాలేదు, నా దగ్గరికి ఎవరూ రావద్దు' అని అవి బీజీపీలో తమ దారుల్ని వెనక్కి తీసేసుకున్నాయి. అలా చేయడానికే వాటిని డిజైన్ చేశారు. అంతే, ఫేస్‌బుక్ అడ్రస్ ఏంటో ప్రపంచంలో ఎవరికీ తెలీకుండా పోయింది. సరిచేయడానికి వెళ్లాల్సిన ఇంజినీర్ల సొంత టూల్స్ కూడా అదే నెట్‌వర్క్ మీద ఉన్నాయి. బిల్డింగ్ లోపలికి వెళ్లి ఆ మెషీన్లను ముట్టుకోవడానికే బోలెడు టైమ్ పట్టింది. మొత్తం ఆరు గంటల పైచిలుకు.

టీకొట్టు దగ్గర దారి అడిగినట్టే

ఇంటర్నెట్ అంటే ఒకటే పెద్ద తీగ అనుకుంటాం. నిజానికి అది డెబ్భై వేలకు పైగా విడివిడి నెట్‌వర్క్‌ల గుంపు. ఒక్కోదానికి ఒక ఏఎస్ నంబర్ ఉంటుంది. మా చిన్న కంపెనీకీ ఒకటుంది, మీ మొబైల్ కంపెనీకీ ఉంది, గూగుల్‌కీ ఉంది.

వీటన్నింటికీ కలిపి ఒక మ్యాప్ ఎక్కడా లేదు. నమ్మబుద్ధి కాదు కానీ నిజం. బండి మీద తెలియని ఊరికి వెళ్తుంటే ఫోన్ చార్జింగ్ అయిపోయిందనుకోండి. టీకొట్టు దగ్గర ఆగి అడుగుతాం. "ఆ ఊరా? మా ఊరి మీదుగా పోండి, రెండు ఊళ్లు దాటితే వస్తుంది" అంటారు. ఇంకో దారిలో ఇంకొకాయన "మా వైపు నుంచి ఒక్క ఊరే" అంటాడు. మనం దగ్గర దారి పట్టుకుంటాం. బీజీపీ పని అచ్చంగా ఇదే. ప్రతి రూటర్ పక్కింటి రూటర్‌తో 'ఈ అడ్రస్‌లు నా దగ్గరే ఉన్నాయి' అనో, 'ఆ అడ్రస్‌లకి నా మీదుగా వెళ్లొచ్చు, మధ్యలో ఫలానా ఫలానా నెట్‌వర్క్‌లు వస్తాయి' అనో చెబుతుంది. విన్నవాళ్లు తమ పక్కవాళ్లకి చెబుతారు. అలా చేరిన కబుర్లన్నీ మా రూటర్‌లో ఒక పట్టికగా ఉంటాయి. పాతరకం అడ్రస్‌లకే తొమ్మిది లక్షలకు పైగా లైన్లు!

ఇందులో డబ్బు లెక్క కూడా ఉంది. ప్రపంచం మొత్తానికి దారి చూపించే పెద్ద ప్రొవైడర్‌కి మేం నెలనెలా డబ్బు కడతాం. అది ట్రాన్సిట్. పక్కనున్న ఇంకో నెట్‌వర్క్‌తో మాత్రం ఇద్దరి మధ్య గోడకి చిన్న గేటు పెట్టుకుంటాం: 'మీ ఇంటికి మేం, మా ఇంటికి మీరు, ఎవరూ ఎవరికీ డబ్బులివ్వక్కర్లేదు' అని. అది పీరింగ్. ఒక్కొక్కరితో ఒక్కో గేటు పెట్టుకోవడం కష్టం కాబట్టి అందరూ ఒకే సంత దగ్గర కలుస్తారు. మన దేశంలో అలాంటి సంతగా 2003లో నిక్సీ మొదలైంది. హైదరాబాద్‌లోనూ దాని సెంటర్ ఉంది. ఇలాంటివి లేకపోతే ఎదురెదురు వీధుల్లో ఉన్న ఇద్దరి మధ్య వెళ్లే డేటా కూడా సముద్రాలు దాటి తిరిగి రావాల్సి వస్తుంది. ఒకప్పుడు అలా వచ్చేది కూడా.

ఈ భాష పుట్టిన తీరు సినిమా కథలా ఉంటుంది. 1989 జనవరిలో అమెరికాలోని ఆస్టిన్‌లో ఒక మీటింగ్. భోజనాల దగ్గర సిస్కోకి చెందిన కిర్క్ లాహీడ్, ఐబీఎంకి చెందిన యాకోవ్ రెక్టర్ కలిసి నాప్‌కిన్ల మీద దీని చిత్తుప్రతి గీశారు. అప్పటి ఇంటర్నెట్ చిన్న పల్లెటూరు. అందరికీ అందరూ తెలుసు. అందుకే, పక్కవాడు చెప్పిన దారి నిజమా అబద్ధమా అని చూసే ఏర్పాటు అందులో లేదు. మా తలనొప్పుల్లో సగం అక్కణ్ణుంచి వచ్చినవే.

యూట్యూబ్‌ని మింగేసిన చిన్న ముక్క

బీజీపీలో ఒక రూల్ గుర్తు పెట్టుకోండి, తర్వాత పనికొస్తుంది. ఒకే అడ్రస్‌కి రెండు దారులు తెలిసినప్పుడు, ఎవరు చిన్న ముక్క గురించి చెప్తే వాళ్ల మాటే చెల్లుతుంది. ఒకాయన "హైదరాబాద్ అంతా నా మీదుగానే" అన్నాడు, ఇంకొకాయన "కూకట్‌పల్లి నా దగ్గరుంది" అన్నాడు. మీరు వెళ్లాల్సింది కూకట్‌పల్లి అయితే ఎవరి వెనక వెళ్తారు? రెండో ఆయన వెనకే కదా.

2008 ఫిబ్రవరి 24న పాకిస్థాన్ ప్రభుత్వం యూట్యూబ్‌ని తమ దేశంలో బ్లాక్ చేయమంది. అక్కడి పాకిస్థాన్ టెలికామ్ అందుకోసం యూట్యూబ్ అడ్రస్‌లలో ఒక ముక్క 'నా దగ్గరే ఉంది' అని చెప్పుకుంది. వచ్చినవాళ్లని వచ్చినట్టు గోతిలో పడేయడం ప్లాన్. ఆ మాట దేశంలోనే ఉండిపోవాల్సింది. బయటికొచ్చింది. హాంకాంగ్‌లోని వాళ్ల పెద్ద ప్రొవైడర్ నిజమా కాదా అని చూడకుండా ప్రపంచానికి చాటింది. యూట్యూబ్ అప్పటికి 1024 అడ్రస్‌ల పెద్ద ముక్కగా చెబుతోంది. పాకిస్థాన్ నుంచి వచ్చింది అందులోని 256 అడ్రస్‌ల చిన్న ముక్క. రూల్ తెలుసుగా! ప్రపంచంలో చాలాచోట్ల నుంచి యూట్యూబ్‌కి బయల్దేరినవాళ్లు పాకిస్థాన్ గోతిలో పడ్డారు. రెండు గంటలు పట్టింది సర్దుకోవడానికి. యూట్యూబ్ ఇంజినీర్లు చేసిన పని చూడండి: ముందు అదే 256ని తామూ చెప్పారు, తర్వాత దాన్ని 128 చొప్పున రెండు ఇంకా చిన్న ముక్కలు చేసి చెప్పారు. ముల్లుని ముల్లుతోనే తీయడం.

లారీ ఇరుక్కుంటే సైకిల్ కూడా ఆగుతుంది

మా రోజువారీ బాధలు ఇంత ఘనమైనవి కావు. చాలావరకు పక్క రూటర్‌తో సెషన్ కలవకపోవడమే.

రెండు రూటర్లు మాట్లాడుకోవాలంటే ముందు ఫోన్ కాల్ లాంటిది ఒకటి కలవాలి. పోర్ట్ నంబర్ 179. కలిశాక చెప్పడానికి కొత్త కబురు లేకపోయినా, మా రూటర్లలో అయితే నిమిషానికోసారి 'ఉన్నా' అని పలకాలి. మూడు నిమిషాలు అవతలి నుంచి ఉలుకూ పలుకూ లేకపోతే పోయాడని తీర్మానించి, అతను చెప్పిన దారులన్నీ తుడిచేస్తుంది. కాల్ కలిసేలోపు రూటర్ దాటే దశలు ఆరు. అమీర్‌పేటలో సీసీఎన్‌ఏ కోచింగ్ తీసుకున్నవాళ్లు వాటి పేర్లు బట్టీ పట్టే ఉంటారు. అందులో ఒకదాని పేరు 'యాక్టివ్'. కొత్తగా చేరిన కుర్రాళ్లు స్క్రీన్ మీద యాక్టివ్ అని చూసి "అన్నా, లింక్ వచ్చేసింది" అని సంబరపడతారు. అది రాలేదని అర్థం! ఇంకా ట్రై చేస్తూనే ఉన్నానంటోంది. 'త్వరలో' అన్న పోస్టర్ చూసి సినిమా రిలీజైంది అనుకున్నట్టు ఉంటుంది. మాకు కావాల్సింది 'ఎస్టాబ్లిష్డ్'. ఈ పేర్లు పెట్టినవాళ్ల మీద నాకు ఇప్పటికీ కోపమే.

కాల్ అసలు కలవకపోతే వెతకడం తేలిక. అడ్రస్ తప్పు కొట్టి ఉంటారు, ఏఎస్ నంబర్ తేడా ఉంటుంది, పాస్‌వర్డ్ రెండువైపులా ఒకటి కాకపోయి ఉంటుంది, లేదా మధ్యలో ఫైర్‌వాల్ 179ని ఆపేస్తుంది. పది నిమిషాల్లో తేలిపోతుంది. కలిసి, కాసేపు బతికి, చచ్చేదే చంపుకుతినేది.

ఒక చలికాలం రాత్రి మా పై ప్రొవైడర్ మెయింటెనెన్స్ కోసం మా లింక్‌ని వేరే దారికి మార్చాడు. సెషన్ వెంటనే కలిసింది. హమ్మయ్య అనుకునేలోపు, సుమారు మూడు నిమిషాలకి పడిపోయింది. మళ్లీ కలిసింది. మళ్లీ మూడు నిమిషాలకి... లాగ్‌లో ఒకే లైన్: హోల్డ్ టైమర్ ఎక్స్‌పైర్డ్. లింక్ ఇలా లేచి పడుతుంటే ఇళ్లలో నెట్ వచ్చినట్టే వచ్చి పోతుంటుంది. గేమ్ ఆడేవాళ్లు ఒకవైపు, రాత్రి షిఫ్ట్‌లో ఇంటి నుంచి పనిచేసేవాళ్లు ఇంకోవైపు. ప్రొవైడర్‌కి ఫోన్ చేస్తే "పింగ్ వస్తోంది కదా సార్, మా వైపు అంతా క్లియర్" అన్నాడు. ఈ మాట నేను వారానికోసారైనా వింటాను.

మా సీనియర్ అన్న అప్పటికి పడుకోబోతున్నాడు. ఫోన్‌లో అంతా విని, "సన్న పింగ్ కాదురా, లావు పింగ్ కొట్టు" అన్నాడు.

మామూలు పింగ్ చిన్న ప్యాకెట్. సైకిల్ లాంటిది. లారీ పడుతుందో లేదో చూడాలంటే లారీనే పంపాలి. ముక్కలు చేయొద్దని షరతు పెట్టి 1472 బైట్లతో పింగ్ కొట్టాను. పైన తొడుగులు 28 కలిపితే మామూలుగా పట్టాల్సిన 1500. పోలేదు. తగ్గించుకుంటూ వచ్చి 1468 దగ్గర ఆగితే వెళ్లింది. సరిగ్గా నాలుగు బైట్లు తేడా! కొత్త దారిలో ప్యాకెట్‌కి అదనంగా ఒక ట్యాగ్ తగిలిస్తున్నారు, దాని సైజు నాలుగు బైట్లు. మధ్యలో ఏదో స్విచ్‌లో ఆ నాలుగు బైట్లకి చోటు పెట్టలేదు.

మరి మూడు నిమిషాల లెక్కేంటి? పలకరింపులు చిన్న ప్యాకెట్లు కాబట్టి సెషన్ సుఖంగా కలుస్తుంది. తర్వాత అవతలి రూటర్ తన తొమ్మిది లక్షల దారుల్నీ పంపడం మొదలెడుతుంది. అవి నిండా నింపిన లారీలు. మొదటి లారీయే ఇరుక్కుంది. వరస తప్పకూడదన్నది అక్కడి నియమం కాబట్టి దాని వెనకున్న 'ఉన్నా' అనే సైకిల్ కూడా అక్కడే ఆగింది. మూడు నిమిషాలు పలుకు లేదు, మా రూటర్ కాల్ కట్ చేసింది. అందులో దాని తప్పేమీ లేదు.

రూటర్ల మధ్య వెళ్లే ప్యాకెట్ సైజు తగ్గిస్తే సెషన్ నిలబడుతుంది. కానీ కస్టమర్ల లారీలు ఇరుక్కుంటూనే ఉంటాయి. అందుకే ట్రాఫిక్ అంతా రెండో ప్రొవైడర్ వైపు తిప్పేసి, 1472, 1468 రెండు పింగ్‌ల స్క్రీన్‌షాట్లు మొదటివాడికి మెయిల్ పెట్టాను. ఆ తర్వాత ఎవరూ "మా వైపు క్లియర్" అనలేదు. తెల్లారేలోపు స్విచ్ సెట్టింగ్ మారింది.

వెబ్ ఆప్షన్ల ఆఖరి రాత్రి

ఇప్పుడు మొదట చెప్పిన సంగతికి వద్దాం. అన్నీ వచ్చి ఒక్క సైటే రాకపోవడం.

జూలై నెల, ఇంజినీరింగ్ కౌన్సెలింగ్ రోజులు. రాత్రి తొమ్మిదిన్నరకి వరంగల్ వైపు కాలనీ నుంచి ఒకాయన ఫోన్. కస్టమర్ కేర్‌లో రెండుసార్లు రూటర్ రీస్టార్ట్ చేయించుకుని, మూడోసారి గట్టిగా అరిస్తే మాకు కలిపారు.

"తమ్మీ, మా బిడ్డ వెబ్ ఆప్షన్లు పెట్టాలె. రేపటితోని బంద్. సైట్ తెరుచుకుంటలేదు. యూట్యూబ్ వస్తది, గూగుల్ వస్తది, గిదొక్కటే వస్తలేదు. జర చూడు."

"ఫోన్‌లో హాట్‌స్పాట్ పెట్టి చూశారా సార్?"

"మా ఇంట్ల సిగ్నలే రాదు తమ్మీ. మేడ మీదికి పోతె వస్తది. బయట ఒకటే వాన. నెట్ సెంటర్‌కు పోయినం, ఆడ గూడ గిదే కథ. ఆడ గూడ మీ లైనే ఉన్నదట."

నెట్ సెంటర్‌లోనూ రాలేదంటే లాప్‌టాప్ అనుమానం పోయింది. హైదరాబాద్‌లో మా ఆఫీసు లైన్ మీద అదే సైట్ ఒక్క సెకనులో తెరుచుకుంది. అంటే సైట్ బానే ఉంది, మా రూటర్‌కి దారీ తెలుసు. మరి ఆ కాలనీకీ మా ఆఫీసుకీ తేడా ఎక్కడ?

తేడా అడ్రస్‌లో. ఆ కాలనీ కొత్త ఏరియా. అక్కడివాళ్లకి వాడుతున్నది మా కంపెనీ పదిహేను రోజుల క్రితమే వేరే కంపెనీ దగ్గర అద్దెకి తీసుకున్న 256 అడ్రస్‌లు. అవును, ఐపీ అడ్రస్‌లు కూడా అద్దెకి దొరుకుతాయి. పాతరకం అడ్రస్‌లు కొత్తగా కావలసినన్ని దొరకవు, కాబట్టి ఎక్కువ ఉన్నవాళ్లు లేనివాళ్లకి ఇస్తుంటారు.

ఇక్కడ చాలామంది పొరబడే విషయం ఒకటుంది. సైట్ తెరవడం అంటే మన రిక్వెస్ట్ అక్కడికి చేరడం ఒక్కటే కాదు, జవాబు తిరిగి రావాలి. వెళ్లే దారి మా రూటర్ నిర్ణయిస్తుంది. వచ్చే దారిని అవతలి రూటర్లు నిర్ణయిస్తాయి. రెండూ ఒకటే కానక్కర్లేదు, చాలాసార్లు కావు కూడా. మా రూటర్ ముందు కూర్చుని ఎంతసేపు చూసినా రెండోది కనపడదు. దానికి బయటినుంచి మన ఇంటి వైపు చూడాలి. 'లుకింగ్ గ్లాస్' అని కొన్ని నెట్‌వర్క్‌లు ఒక కిటికీ తెరిచి పెడతాయి. 'మీ దగ్గర్నుంచి ఈ అడ్రస్‌కి దారి ఎటు?' అని ఎవరైనా అడగొచ్చు.

అడిగాను. ఒక కిటికీలోంచి చూస్తే దారి తిన్నగా మా దగ్గరికే వచ్చింది. రెండో కిటికీలోంచి చూస్తే అద్దెకిచ్చిన కంపెనీ రూటర్ దాకా వెళ్లి అక్కడే ఆగిపోయింది. ఆ కంపెనీ ఉండేది వేరే రాష్ట్రంలో. ఆ అమ్మాయి లాప్‌టాప్‌కి రావాల్సిన జవాబు అక్కడికి వెళ్లి, 'ఈ పేరుతో ఇక్కడెవరూ లేరు' అనిపించుకుని చచ్చిపోతోందన్నమాట.

కారణం ఒక కాగితం. పక్కవాడు చెప్పిందల్లా నమ్మే పాత అలవాటుకి ఇప్పుడొక మందు వచ్చింది, పేరు ఆర్‌పీకేఐ. అడ్రస్‌ల ఓనర్ 'ఈ అడ్రస్‌లు ఫలానా ఏఎస్ నంబర్ మాత్రమే చెప్పాలి' అని డిజిటల్ సంతకం పెట్టి ఒక పత్రం పెడతాడు. దాన్ని ఆర్‌ఓఏ అంటారు. ఇంటి పత్రంలో పేరు లాంటిది. అద్దెకిచ్చిన కంపెనీ తన 1024 అడ్రస్‌లకీ తన నంబర్‌తోనే పత్రం పెట్టుకుంది. మాకు 256 ఇచ్చాక, మా నంబర్‌తో వాటికి ఇంకో పత్రం పెట్టాలి. పెట్టలేదు. పెడతామని అగ్రిమెంట్‌లో ఉంది, మెయిల్‌లో కూడా "డన్" అని రాశారు. పబ్లిక్ లిస్టులో చూస్తే లేదు.

దాంతో లోకం రెండుగా చీలింది. పత్రాలు చూడని నెట్‌వర్క్‌లు మా 256 ముక్కని నమ్మి, చిన్న ముక్క రూల్ ప్రకారం మా దగ్గరికే పంపుతున్నాయి. పత్రాలు చూసే నెట్‌వర్క్‌లు 'వీళ్ల పేరు ఇక్కడ లేదు, దొంగలు' అని మా ప్రకటనని చెత్తబుట్టలో వేసి, పాత ఓనర్ చెప్పే 1024 దారిలో పంపుతున్నాయి. ఆ కౌన్సెలింగ్ సైట్ ముందున్న పెద్ద సీడీఎన్ కంపెనీ రెండో రకం. యూట్యూబ్, గూగుల్ సర్వర్ పెట్టెలు మా పై ప్రొవైడర్ దగ్గరే ఉన్నాయి, ఆ ప్రొవైడర్ పత్రాలు చూడడు, అందుకే అవి వస్తున్నాయి. చిత్రం ఏంటంటే, పత్రం అసలే లేకపోతే చాలా నెట్‌వర్క్‌లు పోనీలే అని ఒప్పుకుంటాయి. వేరేవాళ్ల పేరుతో ఉంటేనే ఆపేస్తాయి.

ముందు ఆ అమ్మాయి పని అవ్వాలి. అందరినీ పాత అడ్రస్‌ల మీదికి మార్చేద్దామంటే అవి అప్పటికే కిక్కిరిసి ఉన్నాయి, ఒక్కో పబ్లిక్ అడ్రస్ వెనక పదుల కొద్దీ ఇళ్లు. కాబట్టి ఆ ఒక్క ఇంటిని, ఆ నెట్ సెంటర్‌ని పాత పూల్‌లోకి మార్చి, "ఇప్పుడు ఒక్కసారి రూటర్ ఆఫ్ చేసి ఆన్ చేయండి సార్" అన్నాను.

"మళ్ల గదే జెప్తున్నవా తమ్మీ!" అన్నాడాయన.

నిజంగా అవసరమైన రీస్టార్ట్ అదొక్కటే. నమ్మించడానికి రెండు నిమిషాలు పట్టింది. పది గంటలకి సైట్ తెరుచుకుంది. వెనకనుంచి ఆ పాప గొంతు, "వచ్చింది నాన్నా" అని. ఫోన్ కట్ చేయకుండానే ఆయన పక్కకి పెట్టేశారు. కాసేపు వాన చప్పుడు విన్నాను.

మిగతా కాలనీ సంగతి అద్దెకిచ్చిన కంపెనీ చేతుల్లో ఉంది. అక్కడ రాత్రి డ్యూటీ కుర్రాడు హిందీలో మర్యాదగా "సుబహ్ కర్ దేంగే" అన్నాడు. పొద్దున చేస్తే ఆ కాలనీలో ఆప్షన్లు పెట్టాల్సిన ఇంకెంతమంది పిల్లలున్నారో! లిస్టులో మా నంబర్ లేని స్క్రీన్‌షాట్, వాళ్ల రూటర్ దగ్గర ఆగిపోయిన దారి స్క్రీన్‌షాట్, "డన్" అన్న పాత మెయిల్, మూడూ కలిపి పంపి వాళ్ల పైఅధికారిని లేపమన్నాను. పదకొండు నలభైకి పత్రం వచ్చింది. దాన్ని ప్రపంచంలో ఒక్కో నెట్‌వర్క్ ఒక్కో టైమ్‌కి చదువుకుంటుంది. ఒంటిగంట కల్లా ఆ రెండో కిటికీలోంచి కూడా దారి మా ఇంటికే కనపడింది.

మీరు ఫోన్ చేసినప్పుడు

"నెట్ రావట్లేదు" అంటే కస్టమర్ కేర్‌లో వాళ్ల ముందున్న స్క్రిప్ట్ మొదలవుతుంది. "నెట్ వస్తోంది, ఫలానా సైట్ మాత్రం రావట్లేదు, మొబైల్ డేటాలో వస్తోంది" అనండి. ఆ ఒక్క వాక్యంతో సగం వెతుకులాట తప్పుతుంది. బ్రౌజర్‌లో 'వాట్ ఈజ్ మై ఐపీ' అని వెతికితే మీ పబ్లిక్ అడ్రస్ కనపడుతుంది, అది చెప్పండి. ఎన్నింటికి మొదలైందో చెప్పండి. లాప్‌టాప్ ఉంటే కమాండ్ ప్రాంప్ట్‌లో ట్రేసర్ట్ అని కొట్టి పక్కన సైట్ పేరు ఇచ్చి, వచ్చింది ఫొటో తీసి పంపండి. మధ్యలో చుక్కల గుర్తులు కనపడితే కంగారు పడొద్దు, కొన్ని రూటర్లు జవాబివ్వవు అంతే. అది వెళ్లే దారి మాత్రమే అని ఇప్పుడు మీకు తెలుసు కాబట్టి, దాన్ని చూసి మీరే తీర్పు చెప్పేయకండి.

వీపీఎన్ పెడితే వస్తోందా? అదీ చెప్పండి. వస్తే దారి మీద అనుమానం పెరుగుతుంది. మీ అడ్రస్ వెనకున్న ఇంకెవరో చేసిన వెధవ పనికి ఆ సైట్ మీ అందర్నీ బ్లాక్ చేసి ఉండొచ్చు కూడా. డీఎన్‌ఎస్ గొడవ కూడా కావచ్చు. ఏదైనా సరే ఫ్రీ వీపీఎన్ పెట్టుకుని బ్యాంక్ పాస్‌వర్డ్ మాత్రం కొట్టకండి.

వరంగల్ ఆయన ఇప్పుడు నా నంబర్‌కే ఫోన్ చేస్తారు. ముందు ఐపీ అడ్రస్ చదువుతారు, తర్వాతే నమస్తే.